రాజప్రతినిధికి నగర స్వాగతం: కెనడాలో పౌర సన్మానం నిర్వహించే విధానం

కెనడాలో ప్రతి ప్రావిన్స్‌లోనూ దేశాధినేత అయిన రాజు తరఫున ఒక లెఫ్టినెంట్ గవర్నర్ ఉంటారు. 1867 నాటి రాజ్యాంగ చట్టంలోని 58వ సెక్షన్ ప్రకారం వారిని దేశమంతటికీ రాజప్రతినిధి అయిన గవర్నర్ జనరల్ నియమిస్తారు. ఆ నియామకం ప్రధానమంత్రి సలహా మేరకు జరుగుతుంది. పదవీకాలం సాధారణంగా ఐదేళ్లకు తగ్గదు. ఢిల్లీ, పుదుచ్చేరిలలో ఇదే పేరుతో ఉన్న పదవిని ఎరిగిన తెలుగువారు ఒక తేడా గమనించాలి. అక్కడి లెఫ్టినెంట్ గవర్నర్ రాష్ట్రపతి తరఫున కేంద్రపాలిత ప్రాంతం పాలన చూస్తారు. ఇక్కడివారు ప్రావిన్స్ మంత్రివర్గం సలహాపై నడుచుకుంటూ, పార్టీ రాజకీయాలకు పూర్తిగా దూరంగా ఉంటారు. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే స్వాగత సభలో ఏది తగునో, ఏది తగదో చాలావరకు దానంతట అదే తేలిపోతుంది.

మరొక విషయం కూడా మొదటే స్పష్టం చేసుకోవాలి. పదవీ ప్రమాణ స్వీకారం ప్రావిన్స్ స్థాయి కార్యక్రమం. సైనిక గౌరవ వందనం, పదిహేను తుపాకుల వందనం వంటివి దానికి చెందినవి. నగరం ఇచ్చే పౌర స్వాగతం ఆ తరువాత, విడిగా, మేయర్ ఆతిథ్యంలో జరిగేది. ప్రమాణ స్వీకారాన్ని చిన్న ఎత్తున అనుకరించాలని చూసే నగరాలు డబ్బూ శ్రమా ఖర్చు పెట్టి, చివరకు ఎవరికీ గుర్తుండని సభ ఒకటి చేస్తాయి. నగరం తాను ఏమిటో చెప్పుకుని, కొత్తగా వచ్చినవారిని తనవారిగా ఆహ్వానించడమే ఈ సభ పని. ఏర్పాట్లన్నీ దానికి లోబడే ఉండాలి.

ఆహ్వానం, ముందస్తు సమాచారం

నగర పాలక మండలిలో తీర్మానం చేయించి, ఖర్చుకు పరిమితి నిర్ణయించిన తరువాతే ఉత్తరం రాయాలి. ఉత్తరం మేయర్ సంతకంతో, లెఫ్టినెంట్ గవర్నర్ కార్యాలయంలోని ప్రైవేటు కార్యదర్శి పేరిట వెళ్లాలి. అందులో ఒకే తేదీ కాకుండా రెండు మూడు తేదీలు సూచించి, వేదిక, సుమారు ఎంతమంది వస్తారు, వారిలో ముఖ్యులెవరు, అతిథి నుంచి మీరు కోరుతున్నదేమిటి, అంటే ప్రసంగమా, పుస్తకంలో సంతకమా, పౌరులతో పరిచయమా అన్నది విడివిడిగా రాయాలి. చాలా కార్యాలయాలకు ఇందుకోసం సొంత దరఖాస్తు పత్రం ఉంటుంది. ఉంటే దాన్నే నింపి మేయర్ ఉత్తరాన్ని జతచేయడం మేలు. సమ్మతి వచ్చేవరకు ఆహ్వాన పత్రికలు అచ్చువేయించవద్దు, పత్రికలకు ప్రకటన ఇవ్వవద్దు.

సమ్మతి వచ్చాక మీతో ఎక్కువగా మాట్లాడేది ప్రైవేటు కార్యదర్శి కార్యాలయం, కార్యక్రమం రోజున అతిథి పక్కనే ఉండే ఏడీసీ, అంటే సహాయక అధికారి. వారికి ఇవ్వవలసిన సమాచార పత్రం ఎంత వివరంగా ఉంటే అంత మంచిది: హాలు నమూనా, ఏ ద్వారం నుంచి ప్రవేశం, ఎన్ని మెట్లు, వేదిక మీద ఎవరు ఎక్కడ కూర్చుంటారు, మైకు ఎత్తు ఎంత, విశ్రాంతి గది ఎక్కడ, పలకరించబోయే ప్రతి ఒక్కరి పేరు, పదవి, ఒక వాక్యంలో వారి పరిచయం. అతిథి జీవిత విశేషాలను మీరు వెతికి రాయవద్దు. కార్యాలయం ఇచ్చిన పాఠాన్నే వాడాలి. పేరు ఎలా పలకాలో వారినే అడిగి, ఉచ్చారణను వ్యాఖ్యాత కాగితం మీద తెలిసేలా రాసిపెట్టాలి. 2020లో అల్బెర్టాకు లెఫ్టినెంట్ గవర్నర్‌గా నియమితులైన సల్మా లఖానీ ఆ పదవిలోకి వచ్చిన తొలి దక్షిణాసియా సంతతి వ్యక్తి. 2023లో ఒంటారియోలో బాధ్యతలు చేపట్టిన ఎడిత్ డ్యుమాంట్ అక్కడ ఆ పదవి చేపట్టిన తొలి ఫ్రెంచ్ భాషీయురాలు. ఇలాంటి విశేషాలు స్వాగత ప్రసంగంలో ఒక్కసారి చెబితే గౌరవం. ప్రతి వక్తా అదే మాట తిప్పి తిప్పి చెబితే అతిథిని పదవిలో కాకుండా పుట్టుకలో చూసినట్లవుతుంది.

సంబోధనలో పొరపాటు పడడం చాలా తేలిక. లెఫ్టినెంట్ గవర్నర్‌ను మొదటిసారి ‘యువర్ ఆనర్’ అని, తరువాత ‘సర్’ లేదా ‘మేడమ్’ అని సంబోధిస్తారు. ‘యువర్ ఎక్సలెన్సీ’ అన్నది గవర్నర్ జనరల్‌కు వాడేది, ఇక్కడ వాడకూడదు. లెఫ్టినెంట్ గవర్నర్ జీవిత భాగస్వామికి కూడా ‘ఆనర్’ గౌరవమే వర్తిస్తుంది. పాత కార్యక్రమాల కాగితాలను తీసి మళ్లీ వాడుకునే నగరాలు మరొకటి చూసుకోవాలి: 2022 సెప్టెంబరు 8న రెండవ ఎలిజబెత్ మరణించిన తరువాత రాణి ప్రస్తావన ఉన్న చోటల్లా రాజు అని మారింది, రాజగీతం పేరుతో సహా. ఒక్క కాపీలో మిగిలిపోయినా వ్యాఖ్యాత దాన్నే చదివేస్తారు.

జెండాలు, హాలు

మూడు జెండాలు ఎగరవేసేటప్పుడు జాతీయ పతాకం మధ్యలో, ప్రావిన్స్ జెండా చూసేవారికి ఎడమవైపున, నగర జెండా కుడివైపున ఉండాలి. రెండే అయితే జాతీయ పతాకం చూసేవారికి ఎడమవైపు వస్తుంది. అన్నీ ఒకే పరిమాణంలో, ఒకే ఎత్తులో, వేర్వేరు స్తంభాల మీద ఉండాలి. వీటికి తోడు లెఫ్టినెంట్ గవర్నర్‌కు సొంత పతాకం ఒకటి ఉంటుంది. నీలి రంగు మీద ప్రావిన్స్ డాలు, దాని చుట్టూ పది బంగారు మేపుల్ ఆకులు, పైన కిరీటం. చాలా ప్రావిన్స్‌లలో ఇదే రూపం, క్యుబెక్, నోవా స్కోషియాలలో మాత్రం వేరు. దీన్ని ప్రావిన్స్ జెండా అనుకుని ఉదయం నుంచే ఎగరవేసే సిబ్బంది ఉంటారు. అది వ్యక్తి ఉనికికి గుర్తు: అతిథి భవనంలోకి రాగానే ఎగరాలి, వెళ్లగానే దిగాలి. అందుకని జెండా దగ్గర ఒక మనిషి, ద్వారం దగ్గర ఒక మనిషి, ఇద్దరి మధ్యా వాకీటాకీ అవసరం.

వేదికకు మెట్లు మాత్రమే ఉంటే ఆ హాలు వద్దు. 1997 నుంచి 2007 వరకు క్యుబెక్‌లో లెఫ్టినెంట్ గవర్నర్‌గా ఉన్న లీజ్ తిబో చక్రాల కుర్చీ వాడేవారు. 2007 నుంచి 2014 వరకు ఒంటారియోలో ఆ పదవిలో ఉన్న డేవిడ్ ఓన్లీ స్వయంగా పోలియో బాధితులు. ఆయన వికలాంగుల ప్రవేశ సౌకర్యాలను తన పదవీకాలపు ముఖ్య విషయంగా తీసుకున్నారు. అతిథికి అవసరం లేకపోయినా వాలుబాట అందరికీ కనిపించే ప్రధాన మార్గంలోనే ఉండాలి, వెనుక వంటగది పక్కనుంచి కాదు.

అతిథి వెనుక గోడ మీద వాణిజ్య ప్రకటనలు, దాతల గుర్తులు ఉండకూడదు. దాతలు ఎంత ఇచ్చినా సరే, వారి పేర్లు కార్యక్రమ పత్రికలో చివరి పుటతో సరిపెట్టాలి.

రాక నుంచి వందనం వరకు

మొత్తం కార్యక్రమంలో కష్టమైనది కారు ఆగినప్పటి నుంచి అందరూ కూర్చునేవరకు గడిచే పదిహేను నిమిషాలు. మిగతాదంతా మామూలు సభే. కాబట్టి సాధన చేసే సమయమంతా దీనికే కేటాయించడం నా సలహా.

రాక సమయం మూడు గంటలు అనుకుందాం. రెండూ నలభై అయిదుకు సభికులంతా తమ స్థానాల్లో ఉండాలి. ఆ తరువాత వచ్చినవారిని పక్క ద్వారం నుంచి వెనుక వరుసకు పంపాలి, ఎంత పెద్దవారైనా సరే. రెండూ యాభైకి మేయర్ కాలిబాట మీద నిలబడాలి, పదవీ హారం ధరించి, చేతిలో కాగితమూ ఫోనూ లేకుండా. మూడింటికి కారు ఆగుతుంది. కెనడాలో వాహనాలు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి, గౌరవ అతిథి వెనుక సీటులో కుడివైపు కూర్చుంటారు. అందువల్ల కారు కుడివైపు భవన ద్వారానికి అభిముఖంగా ఉండేలా ఆగితే అతిథి నేరుగా మేయర్ ఎదుట దిగుతారు. ఎదురు దిశ నుంచి వచ్చి ఆగితే మాత్రం అతిథి వాహనాల రాకపోకల మధ్య దిగి, కారు చుట్టూ తిరిగి రావలసి వస్తుంది. ఏ వీధి నుంచి మలుపు తిరగాలో పోలీసులతో ముందురోజే మాట్లాడుకుని, కారు ముందు చక్రం ఆగవలసిన చోట నేల మీద సుద్దతో గీత గీయండి.

మేయర్ ముందు తన పేరు చెప్పి స్వాగతం పలకాలి. అతిథి చేయి చాచిన తరువాతే కరచాలనం. వంగి నమస్కరించడం తప్పనిసరి కాదు. లోపల పరిచయ వరుసలో పదిమందికి మించి ఉంచవద్దు. ఒక్కొక్కరికీ అర నిమిషం పట్టినా అయిదు నిమిషాలు గడిచిపోతాయి. పరిచయం చేసే బాధ్యత మేయర్‌దే. పేరు, పదవి, ఒక మాట, అంతే. ఫొటో కోసం ఎవరూ అతిథి పక్కకు తిరగకూడదు. ఫొటోగ్రాఫర్ నిలబడవలసిన చోటు ఏడీసీతో కలిసి ముందే నిర్ణయించాలి.

హాలులోకి ప్రవేశించే వేళ వ్యాఖ్యాత అందరినీ లేచి నిలబడమని కోరతారు. అతిథి అందరికంటే చివర లోపలికి వచ్చి, అందరికంటే ముందు బయటికి వెళతారు. బ్యాగ్‌పైపర్ ముందు నడవాలని కొన్ని నగరాలకు పట్టుదల ఉంటుంది. హాలు చిన్నదైతే ఆ మోతకు ముందు వరుసలోని వృద్ధులు చెవులు మూసుకోవడం తప్ప ప్రయోజనం లేదు. అతిథి వేదిక మీద తన స్థానానికి చేరి సభికుల వైపు తిరిగి నిలబడగానే వాద్యబృందం రాజప్రతినిధి వందనం వాయించాలి. ఇందులో రాజగీతం ‘గాడ్ సేవ్ ద కింగ్’ తొలి ఆరు లయఖండాలు (బార్‌లు), వెంటనే జాతీయగీతం ‘ఓ కెనడా’ మొదటి నాలుగు, చివరి నాలుగు లయఖండాలు ఉంటాయి. ఇది వాద్యసంగీతం మాత్రమే. ఎవరూ పాడరు, మధ్యలో చప్పట్లు కొట్టరు. పాఠశాల విద్యార్థుల బృందాన్ని పిలిచినట్లయితే ఈ కోత వారికి కొత్త కాబట్టి, మధ్యలో తెంపి మళ్లీ అందుకునే చోట తడబడతారు. వారికి స్వరపత్రం కనీసం రెండు వారాల ముందు అందాలి. రెండు గీతాలూ ఆ వందనంలోనే ఉన్నందున, వెంటనే జాతీయగీతం పూర్తిగా పాడించడం చర్వితచర్వణం అవుతుంది. పిల్లలచేత పాడించాలని ఉంటే దాన్ని చివరికి పెట్టుకుని, కార్యాలయం అభిప్రాయం అడగడం మంచిది.

ఈ భాగానికి సాధన చేసేటప్పుడు అతిథి స్థానంలో సిబ్బందిలో ఒకరిని నిజంగానే కారులో రప్పించండి. కాగితం మీద నాలుగు నిమిషాలు అనుకున్న నడక ఏడు నిమిషాలు పడుతున్నదని, తెరిచి ఉంటుందనుకున్న రెండో తలుపు స్ప్రింగుతో మూసుకుపోతున్నదని అప్పుడే బయటపడుతుంది.

మూలవాసుల స్థానం

ఈ నేల మూలవాసులది అని చెప్పే ప్రకటన చాలా సభల్లో ఒక లాంఛనంగా మారింది. రాజప్రతినిధి ఎదుట మాత్రం దానికి బరువు ఎక్కువ, ఎందుకంటే ఫస్ట్ నేషన్స్ అనే మూలవాసి జాతులు ఒప్పందాలు చేసుకున్నది రాజపీఠంతో. 1871లో ఒకటవ, రెండవ ఒప్పందాలను కుదిర్చిన ఆడమ్స్ ఆర్చిబాల్డ్, ఆ తరువాత మూడు నుంచి ఆరు వరకు ఒప్పందాలను నడిపిన అలెగ్జాండర్ మోరిస్ ఇద్దరూ మానిటోబా లెఫ్టినెంట్ గవర్నర్లే. అంటే మానిటోబా రాజధాని విన్నిపెగ్‌లో స్వాగతం చెప్పేటప్పుడు, అదే పదవిలో ఒకనాడు కూర్చున్న వ్యక్తి చేసిన ఒప్పందపు నేల మీదనే మీరు నిలబడి ఉన్నారు. వాంకూవర్‌లో పరిస్థితి భిన్నం. మస్క్వియం, స్క్వామిష్, స్లేల్-వాటుత్ జాతుల ఆ నేలను అప్పగించే ఒప్పందమే ఎన్నడూ జరగలేదు. ఒక నగరం పాఠాన్ని మరొక నగరం నకలు చేసుకోవడం అందుకే కుదరదు.

ఆయా జాతుల నాయకులను వేరే ఆహ్వానపత్రంతో, కార్యక్రమ రూపకల్పన దశలోనే పిలవాలి. స్వాగతం పలికే పెద్దలు ఏమి చేస్తారు, ఎంత సేపు తీసుకుంటారు, ఏది ఫొటో తీయవచ్చు, ఏది తీయకూడదు అన్నది వారు చెప్పాలి. వారికి మీరు సమయం కత్తిరించి ఇవ్వడం తగదు. కావాలంటే కౌన్సిల్ సభ్యుల ప్రసంగాలను కత్తిరించండి. పొగ వేసే సంప్రదాయం ఉంటే భవనం పొగ హెచ్చరిక వ్యవస్థను ఆ కాసేపు ఎవరు అదుపు చేస్తారో అగ్నిమాపక శాఖతో మాట్లాడి ఉంచుకోవాలి.

ప్రసంగం, సంతకం, కానుక

పందొమ్మిదవ శతాబ్దంలో నగరాలు కొత్త గవర్నర్లకు చేతిరాత సన్మాన పత్రం చదివి సమర్పించేవి. గవర్నర్ రాతపూర్వక సమాధానం చదివేవారు. మేయర్ స్వాగత ప్రసంగం, దానికి అతిథి ప్రతిస్పందన ఆ పాత అలవాటుకు వారసులే. మేయర్ ప్రసంగం ఏడు నిమిషాలు దాటకూడదని నా అభిప్రాయం. అందులో నగరం గురించి నిర్దిష్టమైన మాటలు ఉండాలి: నది వరద వచ్చినప్పుడు ఊరు ఎలా నిలిచింది, మూతపడిన కర్మాగారం స్థానంలో ఏమి వచ్చింది, ఏ సంఘాలు నడుస్తున్నాయి. విశేషణాలు తక్కువ, విషయాలు ఎక్కువ.

కోరికలు మాత్రం వద్దు. నిధులు, రహదారులు, చట్ట సవరణలు లెఫ్టినెంట్ గవర్నర్ తనంతట తాను తీర్చగలిగేవి కావు. వేదిక మీద అడిగితే వారు మౌనంగా వినడం తప్ప మరేమీ చేయలేరు. దీనికి కెనడా చరిత్రలో ప్రసిద్ధమైన ఉదాహరణ ఉంది. 1871లో సమాఖ్యలో చేరినప్పుడు బ్రిటిష్ కొలంబియాకు పదేళ్లలో రైలుమార్గం వేస్తామని మాట ఇచ్చారు, పని సాగలేదు, 1874లో బ్రిటిష్ మంత్రి కార్నార్వన్ కొత్త షరతులతో రాజీ సూచించారు, అదీ అమలు కాలేదు. 1876లో గవర్నర్ జనరల్ లార్డ్ డఫరిన్ ఆ ప్రావిన్స్ రాజధాని విక్టోరియాకు వచ్చేసరికి ఊరంతా తోరణాలు కట్టి ఘనంగా స్వాగతించింది గానీ, ఒక తోరణం మీద మాత్రం కార్నార్వన్ షరతులు అమలు చేయండి, లేదంటే విడిపోతాం అన్న అర్థంలో రాశారు. డఫరిన్ దాని కిందుగా వెళ్లడానికి నిరాకరించారు. ఆయన బండి వేరే దారి పట్టింది. ఊరి కోపం న్యాయమైనదే, కానీ రాజప్రతినిధి ఆ తోరణం కింద నడిస్తే విడిపోతామన్న బెదిరింపును ఆమోదించినట్లు అయ్యేది. మీ సభలో బ్యానర్లు, పిల్లలు పట్టుకునే అట్టలు, తెరమీద చూపే చిత్రాలు అన్నీ ఒకరు ముందే చదివి సరేననాలి.

సంతకానికి సందర్శకుల పుస్తకంలో ఒక పుట పూర్తిగా అతిథికే కేటాయించి, పైన నగర చిహ్నం, తేదీ, సందర్భం అందంగా రాయించాలి. ఆ కాగితం మీద సిరా పాకుతుందో లేదో అదే పుస్తకం చివరి పుటలో పరీక్షించండి. కలాలు రెండు, రెండూ రాసి చూసినవి. బల్ల ఎత్తు కూర్చుని రాయడానికా నిలబడి రాయడానికా అన్నది చూసి కుర్చీ ఉంచండి, సిరా అద్దుడు కాగితం పక్కన పెట్టండి. అతిథి తరువాత అదే పుటలో మేయర్ సంతకం చేయడం కొన్నిచోట్ల చూస్తాం, అది అనవసరం.

కానుక స్థానికంగా తయారైనది, ఒక చేత్తో పట్టుకోగలిగినది, ఖరీదు కన్నా పనితనం కనిపించేది అయితే సరిపోతుంది. ఏమివ్వబోతున్నారో కార్యాలయానికి ముందే చెప్పాలి. విందు ఉంటే రాజు పేరిట చెప్పే పానశుభాకాంక్ష (టోస్ట్) ఆతిథేయి ఒక్క వాక్యంలో ముగించాలి. నీళ్ల గ్లాసుతో అయినా తప్పు లేదు.

రాచరికం నచ్చని పౌరులూ కౌన్సిల్ సభ్యులూ ఉంటారు. వందనం వేళ ఒకరు లేవకపోతే వ్యాఖ్యాత గానీ భద్రతా సిబ్బంది గానీ వారిని కదిలించకూడదు. 1982 నాటి హక్కుల పత్రంలోని 2వ సెక్షన్ భావప్రకటనకూ శాంతియుత సమావేశానికీ రక్షణ ఇస్తుంది. బయట నిరసన తెలిపేవారికి ద్వారం కనిపించే దూరంలో, అయితే దారికి అడ్డం కాని చోటు పోలీసులు చూపించాలి.

అతిథి వెళ్లేటప్పుడు సభికులు నిలబడి ఉండాలి. మేయర్ కారు వరకు వెళ్లి సాగనంపాలి. కారు కదిలాక జెండా దించాలి. వారం లోపల మేయర్ ఉత్తరం, ఎంపిక చేసిన ఫొటోలు, సభలో సమర్పించిన సన్మాన పత్రం ఉంటే దాని నకలు కార్యాలయానికి పంపాలి. నిమిషాలవారీ పట్టిక, హాలు నమూనా, వాద్యబృందం స్వరపత్రం, ఏడీసీ చెప్పిన సవరణలు అన్నీ ఒక ఫైలులో చేర్చి నగర గుమాస్తా (సిటీ క్లర్క్) కార్యాలయంలో భద్రపరచాలి. తరువాతి లెఫ్టినెంట్ గవర్నర్ వచ్చేసరికి సుమారు ఐదేళ్లు గడుస్తాయి, అప్పటికి ఈ పని చేసినవారిలో సగంమంది మరో చోట ఉంటారు.